తెర దాగిన అద్దము: అది మన గుడ్డలో ఏమి చూపును, ఏమి చూపదు

గుడ్డ అమ్ముడుపోవు చోట అద్దమునకు ఎప్పుడును పని కలదు. కొనవచ్చిన ఆడపడుచు చీరను భుజముపై వేసికొని అద్దములో చూచుకొనిన పిమ్మటనే బేరమునకు దిగును. ఇంటిల్లిపాది దినముల తరబడి పడిన శ్రమ ఆ అరనిమిషపు చూపుపై ఆధారపడి యుండును. ఇప్పుడు ఆ అద్దమే మారుచున్నది. చూచుటకు మామూలు అద్దమువలెనే యుండి, లోపలినుండి అక్షరములను, బొమ్మలను కనబరచు అద్దములు పెద్ద నగరములలోని దుకాణములకు, హోటళ్ళకు, కొందరి ఇండ్లకును వచ్చినవి. వీనిని స్మార్టు మిర్రర్లు అని పిలుచుచున్నారు.

నెమిలి, గుడియాత్తం, వేలూరు ప్రాంతముల నేతసోదరులు ఈ అద్దములను కొనవలసిన పనిలేదు. కాని వాని యెదుట నిలువబోవునది మనము నేసిన సరుకే. కనుక ఆ అద్దము ఎట్లు పనిచేయునో, మన గుడ్డలోని ఏ గుణము దానికి కనబడునో, ఏది కనబడదో మనము తెలిసికొనవలెను. ఈ పాఠము అందుకొరకే వ్రాయబడినది.

1. అద్దములోని రహస్యము

మామూలు అద్దమనగా గాజుపలక వెనుక పలుచని వెండిపూత, దానిపై రక్షణకై రంగుపూత. గాజుపై వెండిని రసాయనముతో పూయు పద్ధతిని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1835లో కనుగొనెను. ఈ పూత మందముగా నుండుటచే వెలుతురు వెనుకకు పోక దాదాపు అంతయు మనవైపునకే తిరిగివచ్చును. ఆ తిరిగివచ్చిన వెలుతురే మన ప్రతిబింబము.

తెర దాగిన అద్దములో ఈ పూతను మిక్కిలి పలుచగా వేయుదురు. పడిన వెలుతురులో ఎక్కువ పాలు తిరిగివచ్చును, కొంత పాలు గాజుగుండ సాగిపోవును. ఇందులో వింత యేమియు లేదు. పట్టపగలు వీథిలో నిలిచి ఇంటి గాజుకిటికీవంక చూడుడు. మన ముఖమే కనబడును గాని లోపలి సామాను కనబడదు. రాత్రి లోపల దీపము వెలిగించిన వెంటనే లోపలిదంతయు కనబడును. వెలుతురు ఏవైపున ఎక్కువో ఆవైపు సంగతియే గాజులో కనబడును. ఇంతే సూత్రము.

ఇక పలుచని పూతగల గాజు వెనుక, చీకటి పెట్టెలో, టెలివిజనువంటి తెరను బిగింతురు. తెరపై తెల్లని అక్షరము వెలిగినచోట ఆ వెలుతురు గాజును దాటి మన కంటికి అందును. తెర నల్లగా నున్నచోట వెలుతురు రాదు గనుక అక్కడ అద్దము అద్దముగానే యుండును. అందుచేత ఈ అద్దములకు బొమ్మలు సిద్ధపరచువారు వెనుకభాగమంతయు నలుపు చేసి, చూపవలసిన దానిని మాత్రము తెలుపులోనో గాఢము గాని రంగులలోనో ఉంచుదురు.

దీనినుండి మనకు పనికివచ్చు మొదటి సంగతి తేలుచున్నది. ఇట్టి అద్దములో నల్లచీర బొమ్మ కనబడదు. నలుపనగా దానికి వెలుతురు లేకపోవుట. నల్లచీర చూపవలసినచోట చూచువారి సొంత బట్టలే కనబడును. ముదురు నేరేడు, ముదురు నీలి, అరకు రంగులును వెలసిపోయినట్లు కనబడును. కావున గాఢమైన రంగులు నేయువారి సరుకు ఈ జాతి అద్దములో ఎప్పుడును తక్కువగానే కనబడును. అది నేతలోని లోపము కాదు, అద్దపు స్వభావము.

2. లోపలి భాగములు

పూతగాజు, తెర గాక, లోపల ఒక చిన్న కంప్యూటరు ఉండును. 2012లో ఇంగ్లండు దేశమునుండి అమ్మకమునకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అను అరచేతిలో ఇమిడెడు కంప్యూటరు పలకను ఇందులకు చాలమంది వాడుదురు. ఇంటర్నెటు సంబంధము ఉండును. ఆజ్ఞ లిచ్చుటకు కొన్నిటిలో వ్రేలితో తాకు ఏర్పాటు, కొన్నిటిలో మాట వినెడు మైకు ఉండును. కొన్నిటిలో కెమెరా కూడ ఉండును. ఈ కెమెరా సంగతి వేరుగా చెప్పవలసి యున్నది.

3. ఇండ్లలోను, వ్యాపారములలోను

ఇంటి అద్దములో సాధారణముగా గడియారము, వాన ఎండల సూచన, ఆనాటి పనుల పట్టిక, వార్తల శీర్షికలు కనబడును. 2014లో హాలండు దేశస్థుడగు మైకేల్ టీవ్ తన ఇంటి అద్దమును ఇట్లు తయారుచేసి, దాని విధానమును అందరికిని ఉచితముగా తెలియజేసెను. అది చూచి అనేక దేశములలో ఔత్సాహికులు స్వయముగా చేసికొనుచున్నారు. హోటలు గదులలోను, క్షౌరశాలలలోను ప్రకటనలకును, కాలక్షేపమునకును వీనిని పెట్టుచున్నారు.

అమెరికాలో 2018లో మిర్రర్ అను పేరుతోనే ఒక అద్దము వచ్చెను. దాని యెదుట నిలిచి, అందులో కనబడు గురువును చూచుచు వ్యాయామము చేయవచ్చును. 2020లో లులులెమన్ అను ఉడుపుల కంపెనీ ఆ వ్యాపారమును 50 కోట్ల డాలర్లకు కొనెను. 2023లో ఆ అద్దముల అమ్మకమును మానివేయుటకు నిశ్చయించెను. అంత పెద్ద కంపెనీకే ఇట్లయినది. తాతనాటి మగ్గము మనుమనికి పనికివచ్చుచున్న మన యిండ్లలో ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను.

4. గుడ్డల దుకాణములో

గుడ్డల దుకాణములలో అద్దమని చెప్పబడునవి నిజమునకు రెండు జాతులు.

మొదటి జాతి పైన చెప్పిన నిజమైన అద్దము. 2014లో న్యూయార్కు నగరమున రెబెకా మింకాఫ్ వారి దుకాణములో ఇట్టివి పెట్టిరి. అక్కడ ప్రతి ఉడుపునకు ఒక చిన్న చీటీ తగిలించి యుండును. అందులో సన్నని లోహపుతీగ, ఆవగింజకన్న చిన్న చిప్పు ఉండును. వానికి బ్యాటరీ లేదు. దగ్గరనున్న యంత్రము పంపు రేడియో తరంగములనుండియే శక్తిని గ్రహించి తన సంఖ్యను చెప్పును. కొనువారు ఆ ఉడుపుతో గదిలోనికి రాగానే, వచ్చినది ఏ ఉడుపో అద్దమునకు తెలియును. వేరు కొలతగాని, వేరు రంగుగాని కావలసిన అద్దముపై తాకిన చాలును, దుకాణపు మనిషి తెచ్చి యిచ్చును. ఇక్కడ గుడ్డ అసలు గుడ్డయే, తొడిగి చూచుటయు నిజమే. అద్దము కబురు చేరవేయు పని మాత్రము చేయుచున్నది.

రెండవ జాతి అద్దమువలె నటించు తెర. నిలువెత్తు తెర పైభాగమున కెమెరా యుండి, మన బొమ్మను తీసి, కుడియెడమలు త్రిప్పి చూపుచుండును. 2015లో అమెరికాలో నీమన్ మార్కస్ దుకాణములవారు మెమొమి కంపెనీ చేసిన ఇట్టి అద్దములను పెట్టిరి. ఒక ఉడుపు తొడిగి తిరిగినపుడు తీసిన బొమ్మను, మరియొకటి తొడిగినపుడు తీసిన బొమ్మను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుకొనవచ్చును.

ఇందులో ఇంకొక మెట్టు పైకిపోయినచో గుడ్డ లేకయే గుడ్డను తొడిగి చూపు అద్దము వచ్చును. ఇందులకు మన తెలుగు నగరమగు హైదరాబాదులోనే పని జరిగినది. అక్కడ హేమంత్ సత్యనారాయణ నెలకొల్పిన ఇమాజినేట్ అను సంస్థ ట్రయలార్ అను పేర ఇట్టి దానిని తయారుచేసెను. ఇట్టివానికి కావలసిన కన్ను మొదట ఆటలనుండి వచ్చినది. 2010లో మైక్రోసాఫ్టు కంపెనీ ఆటలకొరకు కినెక్టు అను కెమెరాను అమ్మకమునకు తెచ్చెను. అది కంటికి కనబడని చుక్కలను మనిషిపై వెదజల్లి, ఏ చుక్క ఎంత దూరమున పడినదో లెక్కకట్టి, దేహములో 20 తావులను గుర్తించును. భుజములు, నడుము, మోకాళ్ళు ఎక్కడనున్నవో తెలిసిన పిమ్మట కంప్యూటరు వానిపై ఉడుపు బొమ్మను అతికించును. ఆ కినెక్టు తయారీ 2017లో ఆగిపోయినది. దానికి బదులు ఇప్పుడు వేరు కెమెరాలును, మామూలు ఫోను కెమెరాయును ఆ పనిని చేయుచున్నవి.

చొక్కాకు కుట్టిన రూపము ఒకటి కలదు గనుక దానిని అతికించుట సులభము. చీరకు కుట్టిన రూపము లేదు. కుచ్చెళ్ళు పోసి, పైట వేసిన పిమ్మటనే దానికి రూపము వచ్చును. ఒక్కొక్క మడత ఎట్లు పడునో లెక్కకట్టుట కష్టమగుటచే, సాధారణముగా ఒక చీరకట్టు బొమ్మను ముందే సిద్ధపరచి, దానిమీద అంచును, ఒడలి రంగును, కొంగును మార్చుచుందురు. అందుచేత 100 నెంబరు నూలుచీరయు, కంచిపట్టుచీరయు, మరమగ్గపు పాలియెస్టరు చీరయు ఒకే తీరుగా ఒంటిపై నిలిచినట్లు కనబడును.

5. అద్దమునకు అందని గుణములు

మన పాఠములో ముఖ్యభాగ మిదియే. తెరయనగా చుక్కల కూర్పు. జాకార్డునకు గ్రాఫుకాగితముపై నక్షా వ్రాయువారికి ఇది వెంటనే బోధపడును. గ్రాఫులో ఒక గడి ఒక పోగునకు గుర్తయినట్లు, తెరపై ఒక చుక్క బొమ్మలో ఒక తునుకకు గుర్తు. నిలువుగా బిగించిన సాధారణపు తెరలో అడ్డముగా 1080, నిలువుగా 1920 చుక్కలుండును. మొత్తము 20,73,600.

ఇప్పుడు మన చీరను లెక్కవేయుదము. పన్నె అంగుళమునకు 80 పోగులు, వెడల్పు 47 అంగుళములు అనుకొనిన, పడుగున 3,760 పోగులుండును. అద్దపు వెడల్పంతయు ఆ చీర వెడల్పునకే ఇచ్చినను ఒక్కొక్క చుక్కలో మూడున్నర పోగులు కలిసిపోవును. పోగులే కనబడనిచోట నూలు సన్నమో, ముతకయో, చేతివడుకో, మిల్లు నూలో ఎట్లు తెలియును? అచ్చువేసిన గుడ్డకును, నేసిన బుటాకును భేదము ఎట్లు తెలియును?

రంగు సంగతి చూతము. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుతురులను కలిపి రంగులను పుట్టించును. ఒక్కొక్కటికి 256 మెట్లు వేసిన 1,67,77,216 రంగులగును. ఇది చిన్న సంఖ్య కాదు. కాని నెమలికంఠపు చీరను తీసికొనుడు. పడుగు నీలము, పేక పచ్చ. అది ఒక్క రంగు కాదు. మడత తిరిగినచోట నీలము, వెలుతురు పడినచోట పచ్చ, నడచునపుడు రెండును మారుచుండును. ఒక చుక్కకు ఒక వేళ ఒకే రంగు నిచ్చు తెర, ఆ రెండు పోగులను కలిపి మధ్యరంగు నొకదానిని చూపి ఊరకుండును. పేరులోనే నెమిలిని పెట్టుకొనిన ఊరివారము, ఈ నష్టమును మనము గాక మరెవరు గుర్తింపగలరు? జరీ మెరుపు సంగతియు ఇట్లే.

అంచును ఒడలితో మూడు నాడెలతో కలిపి నేసిన కొర్వాయి పని దాపుననున్న కాంచీపురమునకు పేరు తెచ్చినది. ఆ కూడిక గట్టితనము వ్రేలితో తడవిన తెలియును. అద్దములో అది ఒక గీత మాత్రమే. గుడ్డ మెత్తదనము, గంజి పాలు, బరువు, చెమట పీల్చు గుణము, ఉతికిన పిమ్మట రంగు నిలుచుట, ఇవేవియు వెలుతురుగుండ ప్రయాణము చేయవు. గుడ్డను వెడల్పున సాగదీసి పట్టు బద్ద ముండ్ల గుర్తులు అంచున నుండుట చేతిమగ్గపు ఆనవాళ్ళలో ఒకటి. దానిని ఏ అద్దమును చూపి యెరుగదు.

కాగా గళ్ళ లుంగీకి ఈ అద్దము మరింత సులభమైన తావు. పడుగు రంగుల వరుస, పేక రంగుల వరుస చెప్పిన చాలును, కంప్యూటరు ఆ గడిని క్షణములో గీయగలదు. గీసిన బొమ్మలో గుడియాత్తపు చేనేత లుంగీకిని, మరమగ్గపు లుంగీకిని రవ్వంత భేదముండదు. ఆ రెంటి నడుమ నిలిచి యుండునది ధర యొక్కటే. ధర యొక్కటే నిలిచినచోట మనము గెలువజాలము. ఈ అద్దమువలన మనకు వచ్చు అసలు ప్రమాదము ఇదియే. అది మన గుడ్డను చెడుగా చూపుననుట కాదు. రెండు గుడ్డలను సమానముగా చూపుట.

6. నమూనాల భద్రత

మా సంఘమునకు ఒక పట్టణపు దుకాణమునుండి జాబు వచ్చినది. సరుకు పంపనక్కరలేదనియు, ముప్పది రకముల ఛాయాచిత్రములు పంపిన అద్దములో పెట్టి, గిరాకి యైనవానికి మాత్రము ఆర్డరు ఇత్తుమనియు అందులోని సారాంశము. వినుటకు బాగుగనే యున్నది. నిలువ పేరుకొనదు, దారిఖర్చు లేదు. అయితే ఆ ముప్పది నమూనాలు ఎవరి కంటబడునో, ఏ మరమగ్గపు కొట్టునకు చేరునో చెప్పువారు లేరు. మా పాలకవర్గము పాత రకముల చిత్రములను, ఒక్కొక్కదానితో మూరెడు గుడ్డముక్కను పంపుటకు ఒప్పుకొని, కొత్త నమూనాలను ఆపియుంచినది.

ఇందులకు చట్టపు కారణము కూడ కలదు. డిజైన్ల చట్టము, 2000 ప్రకారము కొత్త డిజైనును నమోదు చేయించుకొనిన 10 సంవత్సరములు హక్కు వచ్చును, కోరిన మరి 5 సంవత్సరములు పొడిగింతురు. కాని నమోదునకు దరఖాస్తు పెట్టకమునుపే ఆ డిజైను లోకమునకు వెల్లడియైనచో అది కొత్తది కాదని త్రోసివేయవచ్చును. అద్దములో పదిమందికి చూపుటయు వెల్లడియే. కనుక ముందు దరఖాస్తు, పిమ్మట చిత్రము. తాతలనాటి గళ్ళను, బుటాలను ఎవరును తమ సొంతమని నమోదు చేయించుకొనలేరు.

చేనేతకు ప్రత్యేకించిన వస్తువుల చట్టము 1985లో వచ్చినది. నేడు ఆ పట్టికలో 11 రకములున్నవి. చీర, ధోవతి, తువాలు, లుంగీ అందులోనివే. చట్టము చెప్పిన లక్షణములు గలవానిని మరమగ్గముపై నేయుట నేరము. అద్దములో చేనేతయని పేరుపెట్టి చూపి, చేతికి మరమగ్గపు గుడ్డ ఇచ్చు దుకాణము కనబడినచో, బిల్లుతోను, గుడ్డతోను చేనేత శాఖ అధికారులకు తెలుపవలెను.

7. కెమెరా సంగతి

మన యింటి స్త్రీలును దుకాణములకు పోవుదురు గనుక ఇది చెప్పక తప్పదు. బట్టలు మార్చుకొను గదిలో కెమెరాగల అద్దము ఉండనే కూడదు. వెనుకనుండి చూడదగిన అద్దమేమోనని అనుమానము కలిగినచో గదిలో దీపమార్పి, చేతిదీపమును గాజునకు ఆనించి చూడవలెను. వెనుక ఖాళీ తావున్నచో వెలుతురు లోనికి పోయి ఆ లోతు కనబడును. వ్రేలిగోటితో చూచు పరీక్షను నమ్మరాదు. పూత గాజునకు ఏ ప్రక్కన నున్నదో అది చెప్పునే గాని, వెనుక ఏమున్నదో చెప్పదు. స్త్రీలను చాటునుండి చూచుటయు, చిత్రించుటయు భారతీయ న్యాయసంహిత 77వ విభాగము క్రింద నేరము. మనిషి బొమ్మ, కొలతలు మున్నగు సమాచారమును అనుమతితోనే తీసికొనవలెనను చట్టమును 2023లో పార్లమెంటు చేసినది. బొమ్మ తీయవద్దనుటకు కొనువారికి హక్కు కలదు.

8. సంఘములు చేయదగిన పనులు

అద్దమును నిందించుటవలన ప్రయోజనము లేదు. అది మనము ఇచ్చినదానినే చూపును. నిలువెత్తు చీరలో పోగు కనబడదని పైన లెక్కవేసితిమి. అదే తెరపై ఒక్క అంగుళము గుడ్డనే నిండుగా చూపినచో ఒక్కొక్క పోగునకు పదమూడు చుక్కలు వచ్చును. పోగు పోగును కన్నులకు కట్టును. అట్టి చిత్రమును మనము ఇయ్యనిచో దుకాణదారుడు తానుగా తీయించడు. కావున:

(అ) ప్రతి రకమునకు అయిదు చిత్రములు తీయించవలెను: నిండు చీర, కొంగు, అంచు కూడిక, వెనుకభాగము, ప్రక్కన కొలబద్ద పెట్టి తీసిన ఒక అంగుళపు గుడ్డ. పగటి నీడలో, ఫ్లాషు లేకుండ, ప్రక్కన తెల్లకాగితము నుంచి తీసిన రంగును సరిచూచుకొనవచ్చును. నెమలికంఠమువంటి రెండు రంగుల గుడ్డకు, చేతితో మడత త్రిప్పుచు పది సెకండ్ల చలనచిత్రము తీయవలెను.

(ఆ) చిత్రముతో మాటలును పోవలెను: పడుగు పేకల నూలు నెంబరు, పొడవు వెడల్పులు, బరువు, రంగు జాతి, ఉతుకు విధము, నేయుటకు పట్టిన దినములు, సంఘము పేరు. తెరపై వ్రాతకు తావు కలదు. దానిని వాడుకొనవలెను.

(ఇ) 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కును, 2015లో వచ్చిన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండును పొందిన సరుకైనచో ఆ గుర్తును అద్దములోని చిత్రముపై గూడ చూపవలెనని దుకాణముతో వ్రాతమూలముగా ఒప్పించుకొనవలెను.

(ఈ) అద్దము ప్రక్కన గుడ్డముక్క ఉండవలెనను షరతు పెట్టవలెను. కన్ను చూచినదానిని చేయి తడవి చూచినపుడే మన గుడ్డ ధర న్యాయమని తోచును.

(ఉ) సంఘపు సొమ్ముతో ఇట్టి అద్దములను కొనుటకు తొందరపడరాదు. యంత్రములు నాలుగైదేండ్లలో మారిపోవుచున్నవి. చిత్రములు, చీటీలు, గుడ్డముక్కలు మాత్రము నేటి అద్దమునకును, రేపటి ఫోనునకును పనికివచ్చును.

సభ్యులు ఈ పాఠమును సంఘపు సమావేశములో చదివి, క్రింది ప్రశ్నలను చర్చింపవలెనని మనవి.

అభ్యాసము

1. తెర దాగిన అద్దములో నల్లచీర ఏల కనబడదు?
2. మీ మగ్గముపైనున్న గుడ్డ పడుగు పోగులెన్ని? 1080 చుక్కల తెరలో ఒక్కొక్క చుక్కకు ఎన్ని పోగులు పడును?
3. మీ రకములో కంటికి కనబడక చేతికి మాత్రమే తెలియు గుణములు మూడు వ్రాయుడు. వానిని చీటీపై ఏ మాటలతో చెప్పుదురు?
4. కొత్త నమూనా చిత్రమును దుకాణమునకు పంపుటకు ముందు చేయవలసిన పని ఏది?